మొదటిసారి అడవి నడక: వెంకటాపురం నుంచి శ్రీశైలం, శివరాత్రికి గుంపుగా వెళ్తున్నాం, సలహాలు కావాలి

సుధ_బెజవాడ | జనవరి 12, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. మా సెక్షన్‌లో ఎనిమిది మందిమి కలిసి ఈ శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి అడవి దారిన శ్రీశైలం నడిచి వెళ్దామనుకుంటున్నాం. ఎవరికీ వరుసగా రెండు రోజులు నడిచిన అలవాటు లేదు. కొండపల్లి ఖిల్లా, మంగళగిరి మెట్లు, అంతే మా అనుభవం. ముగ్గురం ఆడవాళ్లం. మా సూపరింటెండెంట్ గారు రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు, షుగర్ ఉంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంటుంది. అసలు ఈ ఆలోచన ఆయనదే. వాళ్ల తాతగారు నరసరావుపేట నుంచి కాలినడకన శ్రీశైలం వెళ్లొచ్చారట. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మనిషి.

నీళ్లు ఎంత మోయాలి, రాత్రిళ్లు ఎక్కడ పడుకోవాలి, ఆడవాళ్లకు ఇబ్బంది ఉంటుందా, జంతువుల సంగతేంటి? మా అత్తగారు రోజూ పులి పేరెత్తి టెన్షన్ పడుతున్నారు. ఆ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

నల్లమల_బిడ్డ | జనవరి 12, రాత్రి 10:05

మాది ఆత్మకూరు అండీ, ఉద్యోగం వల్ల గుంటూరులో ఉంటున్నాను. ముందు దారి చెప్తాను.

ఆత్మకూరు నుంచి వెంకటాపురం దాకా పల్లెలు, పొలాలు. ఆ రోజుల్లో ఊరివాళ్లే పందిళ్లు వేసి మజ్జిగ ఇస్తారు, అన్నం పెడతారు. వెంకటాపురం దాటితే అడవి. మొదట నాగలూటి, అక్కడ పాత వీరభద్రస్వామి గుడి ఉంది. తర్వాత పెచ్చెరువు, కొందరు పెద్దచెరువు అంటారు, చెంచుగూడెం ఉన్న చోటు. ఆపైన మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం, ఇక శ్రీశైలం. అంతా కలిపి నలభై కిలోమీటర్ల పైమాటే, మూడు రోజులు పెట్టుకోండి.

ఇది టైగర్ రిజర్వ్ అన్న సంగతి మరవకండి. 1983 నుంచి పులుల సంరక్షణ కింద ఉంది. మామూలు రోజుల్లో అనుమతి లేకుండా అడుగుపెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కేసు పెడతారు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం అటవీశాఖ కొన్ని రోజులు దారి తెరుస్తుంది. ఆ తేదీలు ఏటా వాళ్లే ప్రకటిస్తారు. అవి చూశాకే సెలవు పెట్టండి. దారి తెరిచిన రోజుల్లో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దగ్గర నీళ్లు, షామియానాలు, వైద్య శిబిరాలు ఉంటాయి. పడుకోవడం కూడా అక్కడే, జనం మధ్యలో. విడిగా టెంట్ వేసుకుని అడవిలో ఉంటామంటే కుదరదు.

మీ అత్తగారికి చెప్పండి, అంతమంది నడిచే దారి మీదికి పులి సాధారణంగా రాదు. దానికి మనుషుల అలికిడి పడదు. మేం చిన్నప్పటి నుంచీ భయపడింది ఎలుగుబంటికి. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం. మనం దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించిందంటే బెదిరి మీద పడుతుంది. తెల్లవారకముందు, పొద్దుగూకాక దారి మీద ఉండొద్దు. మాట్లాడుకుంటూ నడవండి. అవసరానికి పొదల్లోకి ఒక్కరే వెళ్లొద్దు.

రన్నర్_బందర్‌రోడ్ | జనవరి 13, ఉదయం 6:10

నలభై కిలోమీటర్లకు మూడు రోజులెందుకండీ? మేం ఆదివారాలు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా పరుగెత్తి వస్తాం. కొంచెం ఫిట్‌నెస్ ఉంటే మొదటి రోజే పెచ్చెరువు దాటేయొచ్చు. త్వరగా నడిచేవాళ్లు ముందు వెళ్లి చోటు పట్టుకుంటే, వెనక వచ్చేవాళ్లకు కూడా మంచిది కదా.

కొండవీటిబాట | జనవరి 13, ఉదయం 8:45

రన్నర్ తమ్ముడూ, మీ ఓపిక గొప్పదే. కానీ సుధ గారు అడిగింది ఎనిమిది మంది సంగతి. నేను గుంటూరు నుంచి చాలా గుంపుల్ని కొండలకు తీసుకెళ్లాను. మొదటిసారి వచ్చినవాళ్లు దూరం వల్ల దెబ్బతినడం తక్కువ. ముందువాడికీ వెనకవాడికీ మధ్య ఖాళీ పెరిగినప్పుడే దెబ్బతింటారు. ముందు వెళ్లినవాళ్లు చెట్టు కింద కూర్చుని చల్లబడతారు. వెనకవాళ్లు చేరగానే, ఇక లేద్దామా అంటారు. అంటే అందరికంటే అలిసిపోయిన మనిషికి అసలు విశ్రాంతే దొరకదు. రెండు పూటలు ఇలా జరిగితే ఆ మనిషి నోరు విప్పి చెప్పడు, నొప్పి దాచుకుని నడుస్తాడు. మూడో పూట కూలబడతాడు. అడవిలో కూలబడితే ఎనిమిది మందీ కూలబడ్డట్టే.

కాబట్టి సుధ గారూ, మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరో వెళ్లకముందే తెలుసుకోండి. వాళ్లను ముందు పెట్టండి. అందరికంటే గట్టివాడు చివర నడవాలి, మందుల సంచీ అతని దగ్గరే ఉండాలి. ముందు నడిచే మనిషి ఆగమంటే ఆగాలి, అందులో వాదన లేదు. నాకు తెలిసి గుంపు నడకలో దీన్ని మించిన సలహా లేదు. బూట్లు, సంచులు, కర్రలు అన్నీ దీని తర్వాతే.

అభ్యాసానికి కొండవీడు రండి. గుంటూరు నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు వదిలేసి కోట గోడల వెంట, పైనున్న చెరువుల చుట్టూ తిరగండి. శనివారం నడిచి, ఆదివారం మళ్లీ నడవండి. ఒక్క రోజు ఎవరైనా నడుస్తారు, రెండో రోజు పొద్దున లేచి అదే బూట్లలో కాలు పెట్టగలిగారా అన్నదే పరీక్ష. ఇంకో మాట, శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడిగా చరిత్రలో పేరున్న ప్రోలయ వేమారెడ్డి ఈ కొండవీటి రెడ్డిరాజుల మూలపురుషుడే. అద్దంకి రాజధానిగా ఏలాడు, తర్వాత అనవోతారెడ్డి రాజధానిని కొండవీడుకు మార్చాడు. మన గడ్డ వాళ్లు ఆరు వందల ఏళ్లకు ముందే ఆ కొండలెక్కే జనం కాళ్ల గురించి ఆలోచించారంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

బ్రాడీపేట_డాక్టర్ | జనవరి 13, మధ్యాహ్నం 2:30

సుధ గారూ, మీ సూపరింటెండెంట్ గారి గురించి రాస్తున్నాను, దయచేసి ఆయనకు చూపించండి.

షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గే ప్రమాదం ఉంటుంది. చాలామందికి తగ్గిన సంగతి కూడా తెలియదు. బొబ్బ లేచినా, రాయి గుచ్చుకున్నా నొప్పి తెలియక నడుస్తూనే ఉంటారు, పుండు పడ్డాక చూసుకుంటారు. బయల్దేరే ముందు ఆయన డాక్టరు దగ్గర పాదాల పరీక్ష చేయించుకోవాలి. ఈ నడకకు ఒప్పుకుంటారో లేదో కూడా ఆ డాక్టరునే అడగాలి. చెప్పుల్లేకుండా నడవడం మాత్రం ఆయనకు వద్దే వద్దు. ప్రతి సాయంత్రం సాక్సులు తీసి, వేళ్ల సందులు, అరికాళ్లు ఇంకొకరు టార్చి వేసి చూడాలి. వంగి చూసుకోలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు.

రెండోది. రోజంతా నడిస్తే ఒంట్లో చక్కెర మామూలు కంటే పడిపోతుంది. కొన్ని రకాల మాత్రలతో ఇంకా పడుతుంది. ఆ మూడు రోజులకు మోతాదు మార్చాలా అని ఆయన డాక్టరునే అడగండి, సొంతంగా మానేయొద్దు. జేబులో గ్లూకోజు పొడి, బెల్లం ముక్కలు ఉండాలి. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు కనిపిస్తే నడక ఆపి వెంటనే తీపి పెట్టండి. శివరాత్రి అని ఆయన ఉపవాసంతో నడవకూడదు.

మిగతా అందరికీ: కొత్త బూట్లు కొనొద్దు, కొంటే ఇప్పుడే కొని రోజూ వేసుకోండి. కాలి గోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగుడులో బూటు ముందు భాగానికి కొట్టుకుని నల్లబడతాయి. మడమ దగ్గర వేడిగా అనిపిస్తే అక్కడే ఆగి టేపు వేయాలి, చోటు వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. బొబ్బ చర్మాన్ని పీకొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలని ఉందో అన్నింట్లోనే కలపాలి, సాధారణంగా పెద్ద ప్యాకెట్‌కు లీటరు. చిక్కగా కలిపితే బలం అనుకుంటారు కొందరు, అది తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

చుట్టుగుంట_అమ్మ | జనవరి 13, సాయంత్రం 7:15

మా అమ్మాయి కూడా ఇలాంటి నడకకే వెళ్తానంటోంది, అందుకే ఈ చర్చ చదువుతున్నాను. ఆడపిల్లలకు మరుగు సంగతి ఎవరూ రాయడం లేదు. అది తెలియకుండా పంపించడానికి నాకు ధైర్యం చాలదు. తెలిసినవాళ్లు చెప్పండమ్మా.

తెనాలి_శివస్వామి | జనవరి 13, రాత్రి 8:50

అమ్మా, మా ఆవిడ, మా చెల్లెలు ఇద్దరూ ఈ దారిలో నడిచారు. వాళ్లను అడిగే రాస్తున్నాను. విడిది చోట్ల తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు కానీ జనానికి చాలవు, సాయంత్రానికి శుభ్రంగా ఉండవు. మధ్య దారిలో ఏమీ ఉండవు. వాళ్లు ఒక పాత చీర తీసుకెళ్లారు. ఇద్దరు పట్టుకుంటే ఒకరికి మరుగు. రాత్రి పూట గుంపులోని ఆడవాళ్లంతా కలిసే లేచేవాళ్లు. నెలసరి సామాను అదనంగా పెట్టుకోవాలి, వాడినవి కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో వెనక్కి తెచ్చుకోవాలి, అడవిలో పారేయకూడదు. మరుగు కోసమని నీళ్లు తాగడం తగ్గించొద్దని మా చెల్లెలు గట్టిగా చెప్పమంది. మొదటిసారి అలా తగ్గించిన వాళ్లే మధ్యాహ్నానికి తల తిరిగి కూర్చున్నారట.

ఇక సుధ గారికి. మేం మాల వేసుకుని నడుస్తాం కాబట్టి చెప్పుల్లేకుండా వెళ్తాం. అది మా నియమం. మాల వేసుకోనివాళ్లు బూట్లతో నడిస్తే ఎవరూ ఏమీ అనరు. డాక్టరమ్మ గారు చెప్పినట్టు ఆ పెద్దాయన బూట్లతోనే రావాలి. ఒక్క మనవి, ఈ దారిని ట్రెక్ అని పిలుచుకోండి, అభ్యంతరం లేదు. కానీ మీ పక్కన నడిచేవాళ్లలో చాలామంది మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. పాటలు స్పీకర్లో పెట్టొద్దు. ఉచితంగా పెట్టే అన్నం కాబట్టి తినగలిగినంతే పెట్టించుకోండి.

మంగళగిరి_మగ్గం | జనవరి 14, ఉదయం 7:30

శివరాత్రి రాత్రి గుడి దగ్గర ఉంటే పాగాలంకరణ చూడండి. మేం నేతపని వాళ్లం, మాకు అదే పెద్ద పండుగ. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన 365 మూరల పాగాను చీరాల వైపు నేతకారులు తెస్తారు. లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో దిగంబరంగా విమాన శిఖరం నుంచి నందుల దాకా చుడతారు. అలిసిపోయి పడుకుంటే మళ్లీ ఏడాది ఆగాలి.

సుధ_బెజవాడ | ఫిబ్రవరి 3, రాత్రి 9:00

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు వారాంతాలు కొండవీడులో నడిచాం. కొండవీటిబాట గారు చెప్పిన పరీక్ష నిజంగా పరీక్షే. ఆదివారం పొద్దున మాలో ఒకావిడకు మోకాలు పట్టేసింది. డాక్టరుకు చూపించుకుంటే ఈసారికి వద్దన్నారు. ఆమె బాధపడింది కానీ ఒప్పుకుంది. ఇప్పుడు ఏడుగురం. సూపరింటెండెంట్ గారికి పాదాల పరీక్ష అయింది, స్పర్శ బాగానే ఉందట, డాక్టరు రాత్రి మాత్ర సగం చేశారు. మాలో అందరికంటే నెమ్మది మనిషి ఆయన కాదని తేలింది, నేను. ఎక్కుడులో బాగానే ఉంటాను, దిగుడులో భయం. కాబట్టి దిగేటప్పుడు నేను ముందు, ఎక్కేటప్పుడు ఆయన ముందు అని రాసి పెట్టుకున్నాం.

సంచుల బరువు ఎంత ఉండొచ్చు?

కొండవీటిబాట | ఫిబ్రవరి 3, రాత్రి 9:40

మీ బరువులో పదో వంతు దాటనీయకండి, నీళ్లతో కలిపి. ఒక జత బట్టలు, పల్చటి దుప్పటి, తువ్వాలు, టార్చి, రెండు జతల సాక్సులు, తలకు టోపీ, మందులు. వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, అటుకులు చాలు. అన్నం దారిలో దొరుకుతుంది. నీళ్లు విడిది నుంచి బయల్దేరేటప్పుడు మనిషికి రెండు లీటర్లు నిండుగా ఉండాలి, స్టీలు సీసాల్లో. రోజు మొత్తం మీద మూడు నాలుగు లీటర్లు లోపలికి వెళ్లాలి. పలచటి ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అసలు తీసుకెళ్లొద్దు. దుప్పులు ఉప్పు వాసనకు ఆ కవర్లు తింటాయి.

వెదురు కర్ర ఒకటి తెచ్చుకోండి సుధ గారూ, నడుము కంటే కొంచెం ఎత్తుగా. దిగేటప్పుడు ముందు కర్ర, తర్వాత కాలు. మెట్టు ఎత్తుగా ఉంటే పక్కకు తిరిగి దిగండి.

నల్లమల_బిడ్డ | ఫిబ్రవరి 4, ఉదయం 6:50

రైలు: విజయవాడ నుంచి గుంటూరు మీదుగా వెళ్లే రాత్రి బండి అర్ధరాత్రి దాటాక నంద్యాలలో దింపుతుంది. తెల్లవారాక వెలుగోడు మీదుగా ఆత్మకూరు బస్సు. తిరిగి వచ్చేటప్పుడు శ్రీశైలం నుంచి దోర్నాల, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా ఆర్టీసీ బస్సులు ఉంటాయి. మామూలు రోజుల్లో దోర్నాల ఘాట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, పండుగ రోజుల్లో సడలిస్తారు. అడవిలో ఫోన్ సిగ్నల్‌ను లెక్కలోకి తీసుకోకండి. ఇంట్లోవాళ్లకు మూడు రోజులు ఫోన్ రాకపోవచ్చని ముందే చెప్పండి.

మోడరేటర్ | ఫిబ్రవరి 4, ఉదయం 11:00

మూసి ఉన్న రోజుల్లో ఇదే దారిలో వెళ్లడం గురించీ, డ్రోన్ ఎగరేయడం గురించీ వచ్చిన ప్రశ్నలు తొలగించాం. టైగర్ రిజర్వ్‌లో అనుమతి లేకుండా రెండూ నేరం. దయచేసి మళ్లీ అడగొద్దు.

సుధ_బెజవాడ | మార్చి 2, సాయంత్రం 6:20

వెళ్లొచ్చాం. ఏడుగురం బయల్దేరాం, ఏడుగురం స్వామి దర్శనం చేసుకుని ఇల్లు చేరాం. మీరంతా ఇంత శ్రద్ధగా రాశారు కాబట్టి నేనూ వివరంగా రాస్తాను.

మొదటి రోజు పల్లెల నడక చాలా సంతోషంగా గడిచింది. కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఘాటుకు అందరం తుమ్ములు. గుంటూరు మిర్చి యార్డు పక్కనే పెరిగిన మా ఆఫీసు కుర్రాడికి కూడా ముక్కు కారింది. ఒక ఊరి చివర పందిట్లో ఇద్దరు ముసలివాళ్లు పెద్ద గంగాళంలో మజ్జిగ కలిపి పోస్తున్నారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. నడిచేవాళ్లకు పోస్తే మేం నడిచినట్టే అన్నారు. తన వయసులో నడవలేక ఆ పని పెట్టుకున్నానని ఆ పెద్దావిడ చెప్పింది. మా ఆఫీసులో ఎవరికి ఏ ఫైలు ముందు పోవాలన్న గొడవల మధ్య ఏళ్లు గడిపిన నాకు, ఎదుటివాళ్ల నడకను తన నడకగా లెక్కేసుకునే మనిషిని చూడటం కొత్త.

వెంకటాపురం దాటాక అటవీ సిబ్బంది సంచులు చూశారు. ప్లాస్టిక్, అగ్గిపెట్టెలు తీసి పక్కన పెట్టించారు. ఫిబ్రవరి చివరికే ఆకులన్నీ రాలి ఎండుగడ్డి నిలువెత్తున ఉంది. ఒక్క బీడీ ముక్క చాలు, కొండ మొత్తం అంటుకుంటుంది. ఆ ఎండిన అడవిలో మోదుగు చెట్లు మాత్రం ఆకు లేకుండా నిండా పూశాయి. నల్లమద్ది మానుల బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, మా సూపరింటెండెంట్ గారు ప్రతి చెట్టునూ తడిమి మరీ నడిచారు. రాత్రి నాగలూటిలో, గుడి దగ్గర షామియానా కింద.

రెండో రోజు సంగతి కాస్త ఎక్కువ రాయాలి. పొద్దున్నే విడిది దాటి కొంచెం దూరం వెళ్లగానే ఒక చెంచు కుర్రాడు ఎదురయ్యాడు, అటవీశాఖలో ప్రొటెక్షన్ వాచర్. దారి పక్కన ఒక పుట్ట చూపించాడు. రాత్రి ఎలుగుబంటి తవ్వి చెదలు తినిపోయిందట. పైమట్టి ఎండి గట్టిగా ఉంది, తవ్విన చోట ఇంకా తడిగా ఉంది. గోళ్ల గీతలు నా అరచేతి పొడవున, లోతుగా, పక్కపక్కనే. ఊది మట్టి ఎగరేసిన గుర్తులు కూడా చూపించాడు. చెదల్ని నోటితో పీల్చేస్తుందని, ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుందని చెప్పాడు. అప్పటిదాకా మాలో ఇద్దరు కొంచెం ముందుకు వెళ్తూ ఉండేవాళ్లు. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా దగ్గర దగ్గరగా నడిచాం. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద ఎలుగులు ఉంటాయని, పూలు ఏరడానికి వెళ్లే గూడెం ఆడవాళ్లు దెబ్బలు తినేది అప్పుడేనని అన్నాడు. మనం ఏడాదిలో ఒకసారి భయపడి వచ్చేస్తాం. వాళ్లకు అది ప్రతి పొద్దున ఉండే సంగతి.

మధ్యాహ్నానికి మా కుర్రాడి మడమ కమిలింది. టేపు వేసినా చెమటకు ఊడిపోతోంది. పక్కన కన్నడ భక్తుల గుంపు ఆగింది. వాళ్లలో ఒకావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, అడక్కుండానే అతని ముందు కూర్చుంది. కాలు తన మోకాలి మీద పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఊరికే కూర్చుంది. తర్వాత పాత ధోవతి చింపిన పట్టీని మడమ చుట్టూ, చీలమండ మీదుగా, మళ్లీ మడమ కిందికి తిప్పి, ముడి పాదం పైకి వచ్చేలా కట్టింది. అరికాలి కింద ఒక్క మడత కూడా లేదు. సాయంత్రం దాకా అది కదల్లేదు. మేం టేపు ఊడిందని హడావుడిగా చెమట మీదే మళ్లీ వేస్తూ వచ్చాం. ఆమె ఆరనిచ్చింది, అదే తేడా. డాక్టరు గారూ, ఈ పద్ధతి సరైనదేనా చెప్పండి.

వాళ్లకు భ్రమరాంబ అమ్మవారు ఆడపడుచట. పుట్టింటి నుంచి పసుపు, కుంకుమ, చీర తీసుకెళ్తున్నామని చెప్పారు. చెంచులేమో మల్లన్న మా అల్లుడు అంటారు. పెచ్చెరువు గూడెం దగ్గర సుగంధిపాల వేర్లు అమ్మే ఆవిడ కూడా ఆ మాటే అంది. నన్నారి షర్బత్ తాగడమే కానీ ఆ వేరును ఎప్పుడూ చూడలేదు. సన్నగా, మట్టితో, విరిస్తే చేతికి రోజంతా వాసన.

మూడో రోజు భీముని కొలను దిగుడు. పైనుంచి చూడగానే నాకు కాళ్లు వణికాయి. లోయ అడుగు కనబడదు, రాతి మెట్లు ఎగుడుదిగుడు, కొన్ని మోకాలెత్తు. రాసుకున్నట్టే నేను ముందు నడిచాను. వెనక వేరే గుంపుల వాళ్లు తోసుకుంటూ దాటిపోతుంటే నాకు తొందర పుట్టింది. సూపరింటెండెంట్ గారు వెనక నుంచి, మీరు మీ కర్ర చూసుకోండి సుధా, వాళ్ల కాళ్లు మనకెందుకు అన్నారు. ప్రతి మలుపులో ఆగాం. కింద రాళ్ల మధ్య చల్లటి నీళ్లు, రెండు వైపులా నిలువు కొండ. అక్కడ అరగంట కూర్చుని కైలాసద్వారం ఎక్కుడు మొదలుపెట్టాం, అప్పుడు ఆయన ముందు. ఇరవై మెట్లకొకసారి నిలబడి ఊపిరి పీల్చుకుని మళ్లీ కదిలేవారు. ఎవరూ ఆయన్ని దాటలేదు. ద్వారం దగ్గరికి చేరాక ఆయన ఏమీ మాట్లాడలేదు, వాళ్ల తాతగారి పేరు మాత్రం పైకి అన్నారు.

పాగాలంకరణ చూశాం. దీపాలు ఆర్పేశాక అంతమంది జనంలో మాట వినబడలేదు. మగ్గం గారూ, మీరు చెప్పకపోతే మేం నిద్రపోయేవాళ్లం.

బ్రాడీపేట_డాక్టర్ | మార్చి 2, రాత్రి 8:15

చాలా సంతోషం. ఆవిడ చేసింది సరిగ్గా సరైన పని. బొబ్బలకు మూలం తడి, రాపిడి. తడి చర్మం మీద ఏ టేపూ నిలవదు. గుడ్డ శుభ్రంగా ఉండాలి, కట్టు మరీ బిగుతుగా ఉండకూడదు, వేళ్లు చల్లబడినా తిమ్మిరెక్కినా విప్పేయాలి. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇలాంటి కట్టు వైద్య శిబిరంలోనే వేయించండి. పెద్దాయన పాదాలు ఇంకో వారం గమనిస్తూ ఉండమనండి.

రన్నర్_బందర్‌రోడ్ | మార్చి 2, రాత్రి 9:05

సుధ గారూ, మొత్తం చదివాను, ఆనందంగా ఉంది. మా రన్నింగ్ గ్రూపు వచ్చే ఏడాది వెళ్తుంది. ఇరవై మందిమి ఉంటాం, నడక వేగాల్లో చాలా తేడా ఉంటుంది. అందరినీ ఒకే వేగంలో కట్టేస్తే త్వరగా నడిచేవాళ్లకు కూడా అడుగు తప్పుతుందని నా అభిప్రాయం. రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ముందొకరు, చివరొకరు పెడితే ఎలా ఉంటుంది?

కొండవీటిబాట | మార్చి 2, రాత్రి 9:50

బాగుంటుంది తమ్ముడూ. ఇరవై మందిని ఒక వరుసలో నడిపితే నిజంగానే సాగిపోతుంది. రెండు జట్లు చేయండి, కానీ మందులు, నీళ్లు, డబ్బు రెండు జట్లకూ విడివిడిగా ఉండాలి. ఒక జట్టు ఇంకో జట్టు మీద ఆధారపడకూడదు. ప్రతి విడిదిలో రెండూ కలిశాకే భోజనం. జట్టులోని మనుషుల్ని మధ్యలో మార్చొద్దు, లెక్క తప్పుతుంది.

పాత_గుంటూరు_పిల్ల | మార్చి 3, ఉదయం 7:10

ఇదంతా చదివాక ఉగాదికి వెళ్లాలనిపిస్తోంది. మేం నలుగురం ఫ్రెండ్స్, అందరం ఇరవైల్లో ఉన్నాం. నెల కూడా లేదు. వెళ్లొచ్చా?

నల్లమల_బిడ్డ | మార్చి 3, ఉదయం 7:55

ఉగాది నడక శివరాత్రి కంటే కష్టం చెల్లీ. మార్చి చివరికి నల్లమలలో ఎండ నిప్పులు చెరుగుతుంది, చెట్లకు నీడ ఉండదు, వాగులు ఎండిపోతాయి. కర్ణాటక నుంచి జనం ప్రవాహంలా వస్తారు, విడిదిలో చోటు కష్టం. అయినా వెళ్లాలంటే ఈ శనివారం ఆదివారం వరుసగా రెండు రోజులు కొండవీడులో నడిచి చూడండి. రెండో రోజు సాయంత్రానికి నలుగురూ బాగుంటేనే టికెట్లు తీయండి. తెల్లవారగానే మొదలుపెట్టి పది గంటలకల్లా నీడ పట్టుకోవాలి, మళ్లీ నాలుగు తర్వాత గంటన్నర నడిచి చీకటి పడకముందే విడిది చేరాలి. అలా అయితే ఒక రోజు ఎక్కువ పడుతుంది, సెలవు అలాగే పెట్టుకోండి.

సుధ_బెజవాడ | మార్చి 3, ఉదయం 9:30

నలుగురూ అమ్మాయిలే అయితే మా ఆఫీసావిడ, మోకాలి వల్ల ఆగిపోయిన ఆవిడ, ఈసారి వాళ్లాయనతో కలిసి ఉగాదికి వెళ్లాలనుకుంటోంది, డాక్టరు ఒప్పుకున్నారు. మీకు ఇష్టమైతే కలిసి వెళ్లండి. శనివారం పొద్దున ఆరింటికి వాళ్లు కొండవీడు ఘాట్ మొదట్లో ఉంటారు. మా వెదురు కర్రలు, చీర, స్టీలు సీసాలు వాళ్లకే ఇచ్చాం, మీకు కావాల్సినవి అందులోంచి తీసుకోండి.